గోడవతలి గాలి

"కషాయంల ఏమేం వేసినవ్, అవ్వా?"

"శొంఠి, మిరియాలు, బెల్లం. ఇంకేం లేదు."

"ఎన్నిసార్లు ఇచ్చినవ్?"

"మూడుసార్లు. మూడు దినాలు, పొద్దుగాల."

"ఎన్ని గంటలకు?"

"గంటలు నాకేం ఎర్క, కొడుకా. గిర్ని కూత పెట్టినంక పోయిన."

గిర్ని అంటే బియ్యం మిల్లు, దాని కూత ఎనిమిదింటికి. డిటెక్టివ్ నాగేశం ఆ అంకెను చేతి పుస్తకంలో వేసుకుని పీట మీంచి లేచాడు. ఖైదు గది ముందు నాలుగడుగులకు మించి జాగా లేదు. ఆ నాలుగడుగుల్లోనే అటూ ఇటూ తిరగసాగాడు. పొద్దున హైదరాబాదు బస్సు దిగినప్పటి నుంచీ అతనికి కాలు నిలవడం లేదు. గడియారంలో పదీ ఇరవై. రేపు ఎనిమిదింటికి కొండవ్వను సంగారెడ్డి జైలుకు పంపుతారు. అక్కడికి పోయిందంటే అరవయ్యేళ్ల మనిషి మళ్లీ సిద్దిపేట చూస్తుందన్న నమ్మకం లేదు.

కొండవ్వ ఆ ఊరికి మంత్రసాని. ముప్పై ఏళ్లుగా పురుళ్లు పోస్తున్నది. ఏడాది నుంచి ఆమె చేతికి చెడ్డపేరు వచ్చింది. గిర్నిలో గుమస్తా భార్య రాధమ్మకు చచ్చిన బిడ్డ పుట్టాడు. గిర్నిలోనే కూలికి పోయే మరో ఆడమనిషికి పుట్టిన పిల్లవాడు పది నెలలైనా మెడ నిలపలేదు. ఇప్పుడు ఆ గిర్ని యజమానురాలు భారతమ్మ కోడలు ప్రమీలమ్మ ఏడో నెల కడుపుతో ఉండి మూడుసార్లు స్పృహ తప్పి పడిపోయింది. కొండవ్వ కషాయంలో విషం కలిపిందని భారతమ్మ ఫిర్యాదు చేసింది. పోలీసులు పట్టుకొచ్చి ఐదు రోజులు. సర్కారు దవాఖానలో పనిచేసే నర్సు అనసూర్యకు అది నమ్మబుద్ధి కాక నాగేశానికి ఉత్తరం రాసింది.

"అవ్వా, నీకు తెలిసింది ఏదన్న ఉంటె గిప్పుడే చెప్పు. రేపు నేను చేసేదేం ఉండది."

కొండవ్వ ఊచలు పట్టుకుని కాసేపు అతని ముఖంలోకి చూసింది. "ఆ పిల్లను ఆ అర్రలకెల్లి బయటికి తియ్యమని చెప్పు. గంతే."

"ఎందుకు?"

ముసలిది గోడవైపు తిరిగి పడుకుంది.

ఠాణాకు పెద్ద అమీన్ రామేశ్వర్. బల్ల వెనక కూర్చుని నాగేశం వచ్చేదాకా చూస్తూనే ఉన్నాడు. రెండేళ్ల కింద జనగామలో ఒక దొంగతనం కేసులో రామేశ్వర్ పట్టుకున్న మనిషిని నాగేశం కోర్టులో నిర్దోషిగా నిలబెట్టాడు. దాన్ని ఇద్దరూ మరిచిపోలేదు.

"ఏమన్న చెప్పిందా మీ అవ్వ?" అన్నాడు అమీన్.

"మీ కేసు మీరు చెప్పున్రి, అమీన్ సాబ్."

"కేసు సాఫ్. ఆమె కషాయం తాగిన దినమే ప్రమీలమ్మ సోయి తప్పింది. మూడు దినాలు తాగింది, మూడు దినాలు తప్పింది. ఇంక చెప్పేదేముంది?"

"తాగింది ఎనిమిదింటికి. సోయి తప్పింది ఎప్పుడు?"

"మధ్యాహ్నం."

"మధ్యాహ్నం ఎన్ని గంటలకు?"

అమీన్ కాగితం తిప్పి చూశాడు. "ఒకనాడు రెండున్నర. ఇంకోనాడు మూడు. మళ్లొకనాడు రెండున్నర."

"ఎనిమిదింటికి తాగిన విషం రెండున్నర దాక ఏం చేసింది? అన్నం తిన్నది, పని చేసుకున్నది, పండుకున్నంక పడిపోయింది. మూడు దినాలు గట్లనేనా?"

"నువ్వు గంటలు లెక్కపెట్టు, నేను మనుషులను పట్టుకుంట. కొండవ్వను తెచ్చి గిండ్ల ఏసినంక ఒక్కసారి గూడ సోయి తప్పలే. భారతమ్మనే చెప్పింది."

"ప్రమీలమ్మ పండుకునే అర్ర నేను చూడాలె."

"నేను కాయిదం రాసియ్య. భారతమ్మ రమ్మంటె పో. వద్దంటె గీ సాయంత్రం బస్సుకు మర్లిపో."

* * *

భారతమ్మ వద్దనలేదు, రమ్మననూ లేదు. అరుగు మీద కూర్చోబెట్టింది. నాగేశం, అనసూర్య పన్నెండున్నర నుంచి అక్కడే ఉన్నారు. ఆ ఇంటికీ గిర్నికీ ఒకటే గోడ. ఒంటిగంటకు గిర్ని ఇంజన్ ఆగింది. రెండింటికి మళ్లీ కూత వేసింది గానీ ఇంజన్ చప్పుడు రాలేదు. దాని బదులు ఎక్కడో ఇనుప పంకా తిరుగుతున్నట్టు కిర్రుకిర్రుమని సన్నటి మోత మొదలైంది.

"గదేంది?" అన్నాడు నాగేశం.

"గ్యాస్ మిషన్ పంకా," అంది అనసూర్య. "యుద్ధం వచ్చినంక డీజిల్ దొరుకుతలేదు గద. బొగ్గు కాల్చి, ఆ గ్యాస్‌తోని ఇంజన్ నడుపుతున్నరు. పోయినేడు పెట్టిన్రు. ఇంజన్ అందుకునేదాక, ఒక్కోసారి గంట పట్టినా, పంకా తిప్పి ఆ గ్యాస్ బయటికి వదులుతరు."

నాగేశం పుస్తకం తెరిచాడు. అందులో అనసూర్య చెప్పగా పొద్దున రాసుకున్న జాబితా ఉంది. పోయిన ఏడాది కొండవ్వ పోసిన పురుళ్లు ముప్పై నాలుగు. ముప్పై రెండు చోట్ల తల్లీ బిడ్డా బాగున్నారు. చెడినవి రెండే, రెండూ గిర్నిలోవే. సోయి తప్పిన ఆ మూడు దినాల నడుమ ఒక అమావాస్య వచ్చింది, గిర్ని బందు. ఆ దినం కూడా ప్రమీలమ్మ ఆ అర్రలోనే పడుకుంది, సోయి తప్పలేదు. అతను వేలితో ఆ వరుస మీద రెండుసార్లు గీశాడు. ఆ పిల్లను అర్రలోంచి తీయమన్న కొండవ్వ మాట చెవిలో మెదిలింది. గడియారం చూశాడు. రెండూ ఇరవై ఐదు. ప్రమీలమ్మ ఎక్కడుందో తనకు తెలియదని అప్పుడు గుర్తొచ్చింది.

"ప్రమీలమ్మ ఏడుంది గిప్పుడు?" అని లోపలికి కేకేశాడు.

భారతమ్మ గడప దాకా వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, భర్త పోయాక గిర్నిని ఒంటిచేత్తో నడుపుతున్నది. "పండుకున్నది. కడుపుతోని ఉన్న పిల్ల, మధ్యాహ్నం పండుకోదా? లేచినంక మాట్లాడున్రి."

"తలుపు ఏసుకొని పండుకున్నదా?"

"ఎండ గొడ్తదని కిటికీ గూడ ఏయించిన. మీకేంది?"

నాగేశం ఆమెను దాటుకుని లోపలికి పోయాడు. వెనక భారతమ్మ ఏదో అంటున్నది. అతను వినలేదు. మూలన ఉన్న అర్ర తలుపు తోశాడు. లోపల కొంచెం తారు వాసన, గాలి మందంగా. మంచం మీద ఇరవై ఏళ్ల పిల్ల పక్కకు ఒరిగి పడుకుని ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. బుగ్గలు ఎర్రగా, నిగనిగలాడుతున్నాయి. అనసూర్య భుజం పట్టి ఊపింది. పిల్ల కళ్లు సగం తెరిచి మళ్లీ మూసింది.

"ఎత్తున్రి," అంది అనసూర్య. "బయటికి. జల్ది."

ఇద్దరూ మంచాన్నే పట్టుకుని వాకిట్లోకి ఈడ్చారు. అనసూర్య ఆమెను ఎడమ పక్కకు తిప్పి, ముఖం మీద చన్నీళ్లు చల్లి, సంచిలోంచి బిడ్డ గుండె వినే చెక్క గొట్టం తీసి కడుపు మీద పెట్టి వినసాగింది. ఆమె పెదవులు అంకెలు లెక్కపెట్టాయి.

"ఉందా?"

"ఉంది. మస్తు మెల్లగ కొట్టుకుంటుంది. మాట్లాడకున్రి."

నాగేశం మళ్లీ అర్రలోకి పోయాడు. ముందు కిటికీ బార్లా తెరిచి ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. తరువాత చెవి పెట్టి విన్నాడు. పంకా మోత కిటికీ నుంచి రావాలి. కానీ ఎదుటి గోడకు ఆనించి ఉన్న టేకు అల్మార వెనక నుంచి ఇంకా దగ్గరగా వినిపిస్తున్నది. అల్మారను ఒక మూల పట్టి లాగాడు. మోకాలెత్తున, గోడలో పిడికిలి పట్టేంత బొక్క. కింద నేల మీద సున్నం పెచ్చులు, ఇటుక పొడి. ఇంకా దుమ్ము పేరుకోలేదు. మంచం మీంచి జారి నేల మీద పడ్డ దిండులోంచి చిన్న దూది పోగు తీసి బొక్క ముందు పట్టుకున్నాడు. దూది లోపలివైపుకు, అతని ముఖం మీదికి ఎగిరింది.

లేవబోయాడు. ఆ గాలికి తల తిరిగింది, కణతల్లో సుత్తితో కొట్టినట్టుంది. గోడ పట్టుకుని బయటికొచ్చి, వాకిట్లో తలవంచుకుని కూర్చుండిపోయాడు.

"పంకా ఆపమనున్రి," అన్నాడు భారతమ్మతో.

ఆమె వాకిట్లో మంచం మీద ఉన్న కోడలిని చూస్తూ నిలబడింది. అప్పుడు గేటు దగ్గర నుంచి బూట్ల చప్పుడైంది. నాగేశం జబర్దస్తీగా ఇంట్లో జొరబడ్డాడని భారతమ్మ పంపిన కబురు అందుకుని అమీన్ రామేశ్వర్ వచ్చాడు.

"బయటికి నడువు," అన్నాడు అమీన్.

"నడుస్త. ఒక్క మాట. ప్రమీలమ్మా, వినవడుతుందా? కొండవ్వను పట్టుకపోయినంక నీకు సోయి తప్పిందా?"

పిల్ల పెదవులు తడుపుకుంది. "నిన్న తప్పింది. మొన్న గూడ. అత్తమ్మ చెప్పొద్దన్నది."

అమీన్ భారతమ్మవైపు చూశాడు. ఆమె కొంగు సవరించుకుంది. "చెప్తె ఊరు ఊరంత అంటది, గీ ఇంటి కోడలికి దయ్యం పట్టిందని. ఎట్ల చెప్పాలె?"

"కొండవ్వ ఐదు దినాల సంది మీ ఠాణాల ఉంది, అమీన్ సాబ్," అన్నాడు నాగేశం. "నిన్నటి కషాయం ఎవరిచ్చిన్రు?"

"మరైతె ఏందిది?" అన్నాడు అమీన్.

అనసూర్య ప్రమీలమ్మ వేలు పొడిచి కొన్ని చుక్కల నెత్తురు గాజు గొట్టంలో నీళ్లలో కలిపింది. రెండో గొట్టం అమీన్ ముందు పట్టింది. "మీ నెత్తురు గూడ కావాలె. పోల్చి చూడాలె."

"నాదెందుకు?"

"మీరు ఆ అర్రల లేరు కాబట్టి."

అమీన్ బొటనవేలు చాపాడు. కాలిన పుండ్లకు దవాఖానలో వాడే టానిక్ ఆసిడ్‌ను సంచిలోంచి తీసి ఆమె రెండింటిలోనూ పోసి ఊపింది. గొట్టాలు రెండింటినీ అరుగు మీద నిలబెట్టింది. నాగేశం వాటి ముందు కూర్చోలేక లేచాడు, మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. పావుగంటకు అమీన్ నెత్తురు మట్టిరంగుకు తిరిగింది. ప్రమీలమ్మది ఎర్రగానే, గులాబి రంగుగానే ఉండిపోయింది.

"మనం పీల్చిన గాలిని ఒళ్లంత మోసేది నెత్తురే," అంది అనసూర్య. "గీ బొగ్గు గ్యాస్ లోపలికి పోయి గాలి కూసునే జాగల కూసుంటది. లేవదు. గందుకే ఆమె నెత్తురు రంగు మారలే. తల్లి ఊపిరి పీలుస్తనే ఉంటది, కాని ఒంటికి అందది. కడుపుల బిడ్డకు సొంత ఊపిరి లేదు గద, తల్లి నెత్తురే దిక్కు. దినాం గిట్ల తక్కువైతె బిడ్డ పెరగది. మెదడు సక్కగ పెరగది. తల్లి గంటల తేరుకుంటది, లోపలి బిడ్డ అంత జల్ది తేరుకోదు."

"నా కోడలికి పుట్టేటోడు?" భారతమ్మ మంచం పట్టె పట్టుకుని అడిగింది.

"నెల తప్పిన కాడికెల్లి చూస్తె కడుపు ఉండాల్సినంత లేదు. కొన్ని దినాలే అయింది కాబట్టి బాగుపడొచ్చు. పుట్టినంకనే తెలుస్తది. నేను అబద్ధం చెప్ప."

నాగేశం అమీన్‌ను అర్రలోకి తీసుకుపోయి బొక్క చూపించాడు. "పెచ్చులు ఎటు పడ్డయో చూడున్రి. అర్రలకు పడ్డయి. అంటె గడ్డపార అవతలికెల్లి పొడిచిన్రు. గిర్ని పక్కకెల్లి."

"ఎవరు?"

"ఆ గోడ కాడ దినమంత నిలవడేటోళ్లు."

* * *

గిర్ని వెనక పెరట్లో రేకుల కింద ఉంది గ్యాస్ మిషన్. మనిషెత్తు ఇనుప పీపా, కింద బొగ్గు, పక్కన చేత్తో తిప్పే పంకా. పంకా వదిలే గ్యాస్ బయటికి పోయే గొట్టం మూతి సరిగ్గా ఇంటి గోడకు జానెడు దూరంలో ఉంది. దాని పక్కన బొగ్గు బస్తాలు పేర్చి ఉన్నాయి. అమీన్ రెండు బస్తాలు పక్కకు లాగాడు. బొక్క అటు నుంచి కూడా కనబడింది.

పంకా దగ్గర నిలబడ్డ ఆడమనిషి పిడి వదిలేసింది. పాతికేళ్లుంటాయి. ముఖం, చేతులు బొగ్గు మసి. కొంచెం దూరాన చెట్టు కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో ఒక పిల్లవాడు పడుకుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎటూ చూడడం లేదు.

"నీ పేరేంది?" అన్నాడు నాగేశం.

"సాయవ్వ."

"ఈడ ఎప్పటిసంది పనిచేస్తున్నవ్?"

"మిషన్ పెట్టినప్పటిసంది."

"గీ పిల్లగాడు నీ కడుపుల ఉన్నప్పుడు గూడ?"

"నీళ్లాడిన దినం దాక."

"కాన్పు ఎవరు చేసిన్రు?"

"మా అవ్వ."

"మీ అవ్వెవరు?"

"ఠాణాల చూసొచ్చిన్రు గద."

నాగేశం చేతి పుస్తకం మూశాడు. కొండవ్వ ఎందుకు గోడవైపు తిరిగిందో అప్పుడు అర్థమైంది. కూతురు ఏం చేసిందో ఆమెకు తెలుసు. ఆ పిల్లను బయటికి తీయమన్నది. ఎందుకో చెప్పలేదు. చెప్తే తాను బయటికి వస్తుంది, కూతురు లోపలికి పోతుంది.

"గోడ ఎందుకు పొడిచినవ్, సాయవ్వా?"

ఆమె కాదనలేదు. భయపడినట్టు కూడా లేదు. చాలా రోజులుగా ఎవరన్నా అడుగుతారని ఎదురుచూస్తున్న మనిషిలా ఉంది.

"నాకు ఐదో నెలల తల తిరుగుడు షురువైంది. పంకా కాడ నిలవడ్డప్పుడల్ల తిరుగుతుండె. లోపల బిడ్డ మెదులుడు గూడ తక్కువాయె. భారతమ్మ దొరసానికి పోయి చెప్పిన. గీ పొగ నాకు పడ్తలేదు, పని మార్చున్రి అని కాళ్లు పట్టుకున్న. కడుపుతోని ఉన్నోళ్లకు తల తిరగదా అన్నది. పొలం పనిల తిరగదా అన్నది. రాధమ్మ గుమస్తా అర్రల గిక్కడనే ఉంటుండె. ఆమెకు సచ్చిన పిల్లగాడు పుట్టిండు. నాకు గీడు పుట్టిండు. అందరు మా అవ్వ చెయ్యి మంచిగ లేదన్నరు."

"ప్రమీలమ్మ నీకేం చేసింది?"

"ఏం చెయ్యలే. పైలంగ చూసుకునేది. తాగ నీళ్లిస్తుండె." సాయవ్వ కళ్లు ఉయ్యాల వైపు పోయాయి. "రెండు మూడు దినాలనుకున్న. మిషన్ నడిస్తె కోడలికి తల తిరుగుతది, గప్పుడన్న దొరసాని నమ్ముతది, మిషన్ ఈడికెల్లి జరుపుతది అనుకున్న. తల తిరిగింది. మా అవ్వను పట్టుకపోయిన్రు."

"మరి అవ్వను పట్టుకపోయిన దినమే బొక్క ఎందుకు మూయలే?"

"మూస్తె మా అవ్వ బయటపడుడెట్ల? రుజువు ఏడుంటది? ఎవరన్న వచ్చి చూసేదాక ఉంచుదామనుకున్న. దినాం పంకా తిప్పిన. తిప్పినప్పుడల్ల ఆమె కడుపే నా కండ్లల్ల ఆడింది. అయినా తిప్పిన."

వెనక నిలబడ్డ భారతమ్మ ముందుకొచ్చింది. "పనిలకొచ్చేటోళ్లందరు తల తిరుగుతుందనే చెప్తరు. అందరి మాట వింటె గిర్ని నడుస్తదా? చూసిన్రా, అమీన్ సాబ్? నా ఇంటి దీపం ఆర్ప చూసింది. పట్టుకపోన్రి."

"నీకు చెప్పింది నిజమేనా?" అన్నాడు నాగేశం ఆమెతో. "గీమె వచ్చి, పొగ పడ్తలేదని చెప్పిందా, లేదా?"

"చెప్పింది. అయితేంది?"

సాయవ్వ చేతులు చెంగుకు తుడుచుకుని, ఉయ్యాలలోంచి పిల్లవాణ్ని తీసి భుజాన వేసుకుంది. పిల్లవాడి తల వెనక్కి వాలితే అరచేయి ఆనించింది. ఎవరూ పట్టుకోకముందే గేటు వైపు నడిచింది. అమీన్, నాగేశం ఆమె వెనక నడిచారు.

తోవ పొడుగునా నాగేశం జేబులో చేయి పెట్టి తీసి, మళ్లీ పెట్టి తీస్తున్నాడు. ఒక అమాయకురాలిని విడిపించడానికి వచ్చాడు. విడిపించాడు. ఇప్పుడు ఆమె కూతురిని తన చేత్తోనే అప్పగిస్తున్నాడు. వాకిట్లో మంచం మీద పడి ఉన్న ఆ పిల్ల ముఖం తలుచుకుంటే సాయవ్వను వదలమనడానికి నోరు రావడం లేదు. చీర ఉయ్యాల తలుచుకుంటే పట్టుకొమ్మనడానికీ రావడం లేదు.

ఠాణాలో కూతురిని చూడగానే కొండవ్వ లేచి ఊచలు పట్టుకుంది.

"గోడ నేను పొడిచిన, అమీన్ సాబ్. నేనే. రాసుకోన్రి. కషాయం పోసింది నేనే, గోడ పొడిచింది నేనే."

"ఊకో అవ్వా," అన్నాడు అమీన్. అతని గొంతులో కోపం లేదు. "నీ బిడ్డ అంత చెప్పింది."

అతను బల్ల వెనక కూర్చుని ఫిర్యాదుల పుస్తకం తెరిచి, కలం సిరాలో ముంచాడు. సాయవ్వ బల్ల దగ్గరికి వచ్చింది. భుజం మీది పిల్లవాణ్ని మెల్లగా దించి, తెరిచిన పుస్తకం పక్కన పడుకోబెట్టింది. పిల్లవాడి చేయి ఒకటి సిరాబుడ్డికి తగిలి అక్కడే ఉండిపోయింది. దాన్ని తీసుకోవాలని కూడా వాడికి తెలియలేదు.

"నాది తర్వాత రాయున్రి," అంది సాయవ్వ. "ముందు గీనిది రాయున్రి."

"గీనిదేం రాయాలె?"

"కడుపుల ఉన్నప్పుడు గీనికి ఊపిరి లేకుంట చేసిన్రు. చేసినోళ్లు తెలిసే చేసిన్రు. నేను పోయి చెప్పిన. చెప్పిన అని గిర్ని పెరట్లనే ఆమె నోటితోని ఒప్పుకున్నది. మీరిద్దరు విన్నరు."

కొండవ్వ ఊచలకు నుదురు ఆనించింది. నాగేశం నిలబడ్డచోటనే నిలబడ్డాడు. పొద్దటి నుంచి మొదటిసారి అతని కాళ్లు కదల్లేదు.

అమీన్ చాలాసేపు పిల్లవాణ్ని చూశాడు. బయట గుర్రబ్బండి వచ్చి ఆగింది. భారతమ్మ గొంతు, ఆమెతో వచ్చిన ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల గొంతులు వినిపించాయి. అమీన్ తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో నీడ పడింది.

"పిల్లగాని పేరు?" అన్నాడు.

"నర్సయ్య."

"నేరం చేసినోళ్ల పేరు?"

సాయవ్వ చెప్పింది. గుమ్మంలో నిలబడ్డ భారతమ్మ తన పేరు వింటూండగానే, అమీన్ రామేశ్వర్ కుడి నుంచి ఎడమకు ఉర్దూలో ఆ రెండు పేర్లనూ ఒకదాని కింద ఒకటి రాశాడు.